కొట్టేసిన ఆరు రోజులు

ఆ నోటుపుస్తకంలో ఆరు రోజుల అంకెలను ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేసింది నేనే. పక్కన "నమ్మదగినవి కావు" అని రాసి, కింద సంతకం కూడా పెట్టాను. ఎవరూ అడక్కపోయినా పెట్టాను. అంత నమ్మకం నాకు నా మీద.

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. ఒంగోలులో ఉంటూ, దర్శి దారిలో ఉన్న ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళొస్తాను. కాలేజీకి మూడు వైపులా పత్తి, మిరప చేలు. నాలుగో వైపు పేట. పేటలో చర్చి, దాని చుట్టూ కూలి పనులకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళు. మా నాన్నా మిరప వేసినవాడే. మా చేలో కోతలకు వచ్చింది ఇలాంటి పేటలవాళ్ళే. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

చదువుకునే రోజుల్లో నేను పనిచేసిన లాబ్‌లో పాతబడిన పరికరం ఒకటి మూలన పడి ఉండేది. మా గురువుగారిని అడిగి దాన్ని కాలేజీకి తెచ్చుకున్నాను. రెండు నల్లటి పలకలు, ఒకదాని మీద ఒకటి, మధ్యలో జానెడు ఎడం. నక్షత్రాలు పేలినప్పుడు పుట్టిన కాస్మిక్ కిరణాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన గాలిని ఢీకొంటాయి. అప్పుడు రాలే కణాలు ఇంటి కప్పుల్లోంచి, మన ఒంట్లోంచి కూడా దూసుకుపోతుంటాయి. అలాంటి కణం రెండు పలకల్లోంచీ దూరితే బయటి పెట్టె మీద అంకె ఒకటి పెరుగుతుంది. అంతే దాని పని.

ఆ అంకెలతో నేను చూడాలనుకున్నది సూర్యుణ్ణి. సూర్యుడు సుమారు పదకొండేళ్ళకొకసారి ఉద్ధృతమవుతాడు, మళ్ళీ నెమ్మదిస్తాడు. ఉద్ధృతంగా ఉన్నప్పుడు అతని ఒంటి మీద మచ్చలు పెరుగుతాయి, అతని నుంచి వీచే గాలి తనతోపాటు చిక్కుపడిన అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. బయటి నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలకు ఆ చిక్కుల్లోంచి మన దాకా రావడం కష్టమవుతుంది. అందుకని సూర్యుడు రేగిన ఏళ్ళలో మన లెక్క తగ్గుతుంది, అతను సద్దుమణిగిన ఏళ్ళలో పెరుగుతుంది. తేడా చాలా కొద్దిగా ఉంటుంది. ఒక్క రోజు కూడా వదలకుండా, ఏళ్ళ తరబడి రాస్తేగానీ కనపడదు.

ఒక్క రోజు కూడా వదలకుండా ఎవరు రాయాలి? ఆదివారాలు, పండగలు, వేసవి సెలవులు నేను ఒంగోలు నుంచి రాలేను. స్టూడెంట్లు వారం రాసి మానేస్తారు. అప్పుడు ఆయమ్మని అడిగాను.

కాలేజీలో అందరూ ఆమెను ఆయమ్మ అనే పిలిచేవాళ్ళు. గదులు ఊడవడం, లాబుల్లో బల్లలు తుడవడం, మంచినీళ్ళు పట్టి పెట్టడం ఆమె పని. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. భర్త పోయాడు. పేటలో కాలేజీ గోడ పక్కనే ఇల్లు. టెన్త్ దాకా చదివి లెక్కల్లో తప్పానని నవ్వుతూ చెప్పుకునేది.

"అంకెలు చూసి రాయడమే గదా మేడమ్. రాస్తాలెండి" అంది.

మొదటి నెల నేను రోజూ సరిచూశాను. తర్వాత అవసరం పడలేదు. ఉదయం ఎనిమిదింటికి పెట్టె మీది అంకె, గోడకు తగిలించిన మీటరులో గాలి పీడనం. నిన్నటి అంకెలోంచి తీసివేసి రోజు లెక్క తనే వేసేది. చివర ఒక చిన్న మాట: "వాన." "కరెంటు రెండుసార్లు పొయ్యింది." "తొండ దూరింది, తోలాను." క్రిస్మస్ నాడు కూడా చర్చికి వెళ్ళే ముందు, కొత్త చీరలో వచ్చి రాసి వెళ్ళేది. కోతల రోజుల్లో సెలవు దొరికితే మిరప చేలకు కూలికి వెళ్ళేది. సాయంత్రానికి చేతులు మంటలు మండేవి. మర్నాడు పొద్దున పుస్తకం ముట్టుకునే ముందు కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని అప్పుడు పెన్ను పట్టేది.

ఒకసారి తుఫాను వచ్చింది. లెక్క పెరిగింది. ఆమె నా కోసం గేటు దగ్గరే నిలబడి ఉంది.

"మేడమ్, గాలిమీటరు దిగింది, లెక్క ఎక్కింది. రెండూ ఒకేరోజు. ఏదన్నా సంబంధం ఉందంటారా?"

ఉందని, గాలి పల్చబడితే కణాలు ఎక్కువగా కిందకు దిగుతాయని చెప్పాను. అది నేను బీయస్సీ మూడో ఏడు వాళ్ళకు చెప్పే పాఠం. ఆమె తనంతట తనే పట్టుకుంది. ఆ రోజు నేను స్టాఫ్ రూంలో ఈ సంగతి చెప్పి నవ్వాను. మెచ్చుకోలుగానే నవ్వానని అప్పుడు అనుకున్నాను.

ఐదేళ్ళు గడిచాయి. మేము మొదలుపెట్టినప్పుడు సూర్యుడు ప్రశాంతంగా ఉన్నాడు. ఏడాదేడాదికీ మచ్చలు పెరిగాయి, మా గీత మెల్లగా కిందకు వంగింది. పుస్తకాల్లో చదివింది మా ఊళ్ళో, మా గదిలో కనిపిస్తోంది. దాని మీద వ్యాసం రాసి ఒక సదస్సుకు పంపాలని కూర్చున్నాను.

అది ఎన్నికల వేసవి. నాకు పోలింగ్ డ్యూటీ పడింది. శిక్షణలు, డ్యూటీ, ఎండ, వీటితో రెండు వారాలు కాలేజీ వైపు రాలేదు. పేపరు కూడా సరిగ్గా చూడలేదు, చూసినా అందులో ఎన్నికలే. అన్నీ అయ్యాక వచ్చి పుస్తకం తెరిస్తే మధ్యలో ఆరు రోజులు వింతగా ఉన్నాయి. ఒక రోజు లెక్క ఉన్నట్టుండి పడిపోయింది. ఐదేళ్ళలో మెల్లమెల్లగా తగ్గినంత మేర ఒక్క రోజులో తగ్గింది. తర్వాత రోజుకు కొంచెం చొప్పున పైకి వచ్చింది. గాలి పీడనంలో మార్పు లేదు. చివర ఆమె రాత: "తగ్గింది. వైర్లు చూశాను. కరెంటు పోలేదు."

నేను ఆలోచించిన వరస ఇప్పటికీ నాకు గుర్తుంది. పీడనం కాదు. పరికరం ఆ తర్వాత బాగానే పనిచేస్తోంది, కాబట్టి పరికరం కాదు. మిగిలింది మనిషి. ఆ ఆరు రోజులూ ఈమె ఇక్కడ లేదు, తర్వాత వచ్చి తోచిన అంకెలు వేసింది.

క్లర్కుని అడిగాను. "ఆ వారమంతా పేటలోవాళ్ళు లారీలెక్కి మీటింగులకి తిరిగారు మేడమ్. ఈమె మాత్రం కూర్చుని రాసుద్దా?" అన్నాడు. ఆమెను మీటింగులో చూశావా అని నేను అడగలేదు. అడిగితే చూడలేదనేవాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆమెను స్టాఫ్ రూంకి పిలిచాను. క్లర్కు ఉన్నాడు, ఇంకో ఇద్దరు లెక్చరర్లు ఉన్నారు.

"ఆ వారం ఎక్కడికి వెళ్ళావు?" అన్నాను.

"యాడికీ పోలా మేడమ్. ఇక్కడే ఉన్నా."

"నిజం చెప్పు. నేనేమీ అనను. ఊరెళ్ళుంటే వెళ్ళానని చెప్పు."

"యాడికీ పోలేదని చెప్తన్నా గదా. మిషన్ ఏం చూపిస్తే అదే రాశా. తగ్గిందని నాకూ భయమేసింది. వైర్లన్నీ చూశా. మీకు ఫోన్ కూడా చేశా, మీరు ఎత్తలా."

నిజమే, ఫోన్‌లో ఆమె మిస్డ్ కాల్స్ మూడు ఉన్నాయి. సెలవు అడగడానికి చేసి ఉంటుందనుకుని వదిలేశాను.

"మరి ఉన్నట్టుండి ఎలా తగ్గుతుంది?" అన్నాను గొంతు పెంచి.

"నాకెట్టా తెలుస్తది మేడమ్. అది మీకు తెలవాలి గానీ."

ఆమె ఎగతాళిగా అనలేదు. మామూలుగానే అంది. కానీ పక్కనున్న లెక్చరర్ ఒకాయన చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు నాకు తగిలింది. "దొంగ లెక్కలు రాసి, పైగా ఎదురు మాట్లాడుతున్నావా?" అన్నాను. దొంగ లెక్కలు. ఆ మాటే అన్నాను.

ఆమె లాబ్ తాళం చెవి నడుముకు దోపుకుని ఉంది, తీసి బల్ల మీద పెట్టింది. "సరే మేడమ్" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఎర్ర ఇంకు పెన్ను తీశాను. ఆరు రోజుల చోట అటూ ఇటూ ఉన్న రోజుల సగటు వేసి, గీతను నున్నగా చేసి వ్యాసం పంపాను. ఆమెను లాబ్ పని నుంచి తప్పించమని ప్రిన్సిపాల్‌కి కాగితం రాశాను. ఆమెను హాస్టల్ బాత్‌రూములు కడిగే పనికి వేశారు. వరండాలో ఎదురైతే పక్కకు తప్పుకునేది. రెండు నెలలకు కనిపించడం మానేసింది. పని వదిలి వెళ్ళిపోయిందట, అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

ఆ చలికాలం గుంటూరులో సదస్సు జరిగింది. నా కన్నా ముందు మాట్లాడిన పెద్దాయన చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాడు. తెర మీద ఒక గీత చూపించాడు. సూర్యుడి నుంచి పెద్ద తుఫానులు వరసగా బయలుదేరి భూమిని తాకిన రోజులవి. లడాఖ్‌లో కూడా ఆకాశం ఎర్రబడిందని పేపర్లలో వచ్చింది, మీరంతా చూసే ఉంటారు అన్నాడు. ఆ తుఫాను మోసుకొచ్చిన అయస్కాంత క్షేత్రం కాస్మిక్ కిరణాలను పక్కకు నెట్టేసింది. దేశదేశాల పరికరాల్లో లెక్క ఒక్కసారిగా పడిపోయింది. తర్వాత మెల్లగా, రోజుకు కొంచెం చొప్పున తేరుకుంది.

ఆ గీత నాకు తెలుసు. దాని మీదే నేను ఎర్ర ఇంకు గీశాను. అవే రోజులు.

ఇలాంటి పతనాలు ఉంటాయని నేను చదవకపోలేదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మనం భూమధ్యరేఖకు దగ్గర, ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రమే చాలా కిరణాలను ఆపేస్తుంది, మా చిన్న పరికరంలో అలాంటివి కనపడవని ఎప్పుడో తీర్మానించుకుని మర్చిపోయాను. కానీ మనసులో మాట ఇంకొకటుంది. ఆ అంకెలు యూనివర్సిటీ రీసెర్చ్ స్కాలర్ ఎవరైనా రాసి ఉంటే ముందు సూర్యుడి సంగతి వెతికేదాన్ని. రాసింది పేటలో ఆయమ్మ గనక లారీల సంగతి వెతికాను. మా చేలో కోతలకు వచ్చినవాళ్ళ సంచులు సాయంత్రం వెళ్ళేటప్పుడు మా నాయనమ్మ తడిమి చూసేది. చిన్నప్పుడు నాకది తప్పనిపించేది. ఆ చెయ్యే నాకూ వచ్చింది.

నా వంతు వచ్చింది. నున్నటి గీత చూపించాను. మాట్లాడటం అయ్యాక ఆ పెద్దాయన లేచి, ఎంతో ఆసక్తిగా అడిగాడు.

"చాలా బాగుందమ్మా. ఐదేళ్ళు వదలకుండా రాయడం మాటలు కాదు. కానీ ఆ మే నెల తుఫాను మీకు కనపడలేదా? కనపడాలే?"

అందరూ నా వైపు చూస్తున్నారు. ఒక్క నిమిషం చాలు నిజం చెప్పడానికి.

"ఆ వారం కరెంటు లేక పరికరం ఆగిపోయింది సార్" అన్నాను.

"అయ్యో" అని కూర్చున్నాడాయన.

కరెంటు పోలేదని ఆమె రాసి పెట్టింది. ఒంగోలు బస్సులో కూర్చున్నాక, చిలకలూరిపేట దాటేదాకా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. పక్కనున్నావిడ, ఒంట్లో బాలేదా అమ్మా అని నీళ్ళ సీసా ఇచ్చింది. మొదటి తప్పు తెలియక చేశానని చెప్పుకోవచ్చు. రెండోది తెలిసి చేశాను.

మర్నాడు పుస్తకం తీసి చూశాను. ఎర్ర గీత కింద అంకెలు స్పష్టంగానే కనపడుతున్నాయి. పెద్దాయన చూపించిన రోజులతో పోల్చాను. పడిన రోజు అదే. మాది చిన్న పరికరం, మన దగ్గర పతనం తక్కువే ఉండాలి, తక్కువే ఉంది. ఆమె తీసివేతల్లో ఒక్క తప్పు లేదు.

ఆమె ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక్క రోజు పట్టింది. వెళ్ళడానికి మూడు నెలలు పట్టింది. ఇంటర్నల్ పరీక్షలన్నాను, మా అబ్బాయికి జ్వరమన్నాను, ఎండలన్నాను.

ఆమె తుళ్ళూరు దగ్గర, భవనాలు కట్టే కూలీల క్యాంపులో వంట చేస్తోంది. ఆమె చెల్లెలి కుటుంబం అక్కడే పనికి కుదిరితే వాళ్ళతో వెళ్ళింది. టిప్పర్లు లేపే దుమ్ములో నడిచి, రేకుల షెడ్డు దగ్గర ఆగాను. పెద్ద గుండిగ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

"మేడమ్! మీరేంది ఇక్కడ? కూర్చోండి" అని ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది.

కూర్చోలేదు. సంచిలోంచి పుస్తకం తీశాను. "మీరు రాసింది నిజం. ఆ వారం సూర్యుడి నుంచి తుఫాను వచ్చింది. ప్రపంచమంతా లెక్క తగ్గింది. మన దగ్గరా తగ్గింది. తప్పంతా నాదే" అన్నాను. ఆమెను మొదటిసారి మీరు అన్నానని అన్నాకే గమనించాను.

ఆమె పుస్తకం అందుకుని ఆ పేజీ తెరిచింది. తర్వాత, "అయితే తగ్గింది నిజమేనా?" అంది.

"నిజమే."

"నేనే తప్పు చూశానేమో అనుకున్నా మేడమ్. మీరంత గట్టిగా అనేసరికి నాకే అనుమానం వచ్చింది. అంకె సరిగ్గా కనపళ్ళేదేమో, కళ్ళు మసకలొచ్చినయ్యేమోనని ఒంగోలు పోయి కళ్ళు కూడా చూపించుకున్నా."

ఆమె వేసిన కుర్చీలో కూర్చున్నాను.

"ఆ మాట పేట దాకా వచ్చింది" అంది ఆమె, గొంతు పెంచకుండానే. "చర్చిలో ఆడోళ్ళ ప్రార్థన కూటం లెక్కల పుస్తకం నేనే రాసేదాన్ని. దొంగ లెక్కలు రాసిందంట, ఆ పుస్తకం వేరేవాళ్ళకి ఇవ్వండన్నారు. పాస్టరు గారు నన్నేం అనలా. కానీ ఇచ్చేశారు. ఇంక ఆ ఊళ్ళో ఉండబుద్ధి కాలా."

"నన్ను ఏం చెయ్యమంటారు? చెప్పండి, చేస్తాను."

"ఇక్కడికొచ్చి నాకు చెప్తే ఏం లాభం మేడమ్? నేను రాసింది నిజమని నాకు తెలుసు. మీరు అన్నది అక్కడ గదా. అక్కడే చెప్పండి."

తిరిగి వచ్చిన వారమే స్టాఫ్ మీటింగులో లేచి చెప్పాను. క్లర్కు తల దించుకున్నాడు. ప్రిన్సిపాల్, "పోనీలెండి మేడమ్, అయిపోయిందిగా" అన్నారు. ఆమెను మళ్ళీ తీసుకోమని అడిగితే, ఆ చోట వేరే మనిషిని వేశామన్నారు. సదస్సు పెద్దాయనకు ఉత్తరం రాశాను. పరికరం ఆగలేదని, అంకెలు నేనే కొట్టేశానని, అడిగినప్పుడు అబద్ధం చెప్పానని రాసి, అసలు అంకెలు పంపాను. అందులో ఆమె పేరు, ఇంటి పేరుతో సహా రాశాను. పరిశీలకురాలు అని. ఆయన రెండే వాక్యాల్లో జవాబిచ్చారు. అంకెలు బాగున్నాయి. మీ ఉత్తరం చదివి బాధపడ్డాను. వ్యాసం వెనక్కి తీసుకుని, ఆ ఆరు రోజులూ ఉన్నవి ఉన్నట్టుగా పెట్టి మళ్ళీ పంపాను.

మిగిలింది చర్చి. పాస్టరు గారిని అడిగితే ఆదివారం ఆరాధన అయ్యాక రమ్మన్నారు. పదేళ్ళు ఆ గోడ పక్కనుంచి నడిచాను గానీ లోపలికి వెళ్ళడం అదే మొదలు. చెప్పులు విడిచి, చాపల మీద కూర్చున్నవాళ్ళ ముందు నిలబడ్డాను. సూర్యుడి గురించి రెండు మాటల్లో చెప్పాను. తర్వాత, ఆమె అబద్ధం రాయలేదు, అబద్ధం నేను ఆడాను అని చెప్పాను.

ముందు వరసలో ఉన్న ఒక ముసలామె గట్టిగానే అంది: "ఇప్పుడొచ్చి చెప్తే ఏమొచ్చిందమ్మా? మడిసి ఊరొదిలి పోయినాక!"

పాస్టరు గారు ఆమెను వారించబోయారు. వద్దన్నాను.

మూడు రోజుల తర్వాత ఫోన్ చేశాను.

"చెప్పారంట గదా. మా అత్త కూతురు ఫోన్ చేసి చెప్పింది" అంది ఆమె. "మా వీధంతా ఉన్నారంట గదా ఆ రోజు?"

"ఉన్నారు."

"కూటం పుస్తకం మళ్ళీ నా పేరునే పెడతామన్నారంట. నేనిప్పుడు వచ్చేదేముంది. ఎవరో ఒకరు రాసుకుంటార్లే."

ప్రిన్సిపాల్‌తో మళ్ళీ మాట్లాడతానని, లాబ్‌లోకే తెచ్చుకుంటానని అన్నాను.

"వద్దు మేడమ్. నేను రాను. వచ్చినా మీరు పుస్తకం తెరిచినప్పుడల్లా నా గుండె దడదడలాడుద్ది." తర్వాత, "ఈ ఏడు లెక్క ఎట్టా ఉంది?" అని అడిగింది.

సూర్యుడు ఇప్పుడిప్పుడే నెమ్మదిస్తున్నాడని, మధ్యలో చాలా రోజులు రాసేవాళ్ళు లేక ఖాళీలున్నాయని, అందుకే గట్టిగా చెప్పలేనని అన్నాను.

"అయ్యో, ఖాళీలు వదిలేశారా?" అంది. ఆ గొంతులో బాధ నిజంగా లెక్క గురించే.

ఇంకేదో అనబోయాను. అవతల ఎవరో ఆమెను కేకేశారు. "ఉంటా మేడమ్, అన్నం దించాలి" అని పెట్టేసింది. క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేకపోయాను.